చూడకుండా పేరెలా పెడతారు?

బెజవాడలో ఆడవాళ్ళకి చంకలో గడ్డ లేస్తే అందరూ చెప్పేది ఒకటే: "వేడి చేసింది, మామిడిపళ్ళు తగ్గించు." అది తగ్గి, మళ్ళీ లేస్తే మాట మారుతుంది: "శుభ్రంగా స్నానం చేస్తున్నావా?"

ఈ ప్రశ్న నన్ను తొమ్మిదేళ్ళు అడిగారు. గాటు పెట్టి చీము తీశారు, వారం రోజులకి యాంటీబయాటిక్ బిళ్ళలు రాశారు. గజ్జల్లో, రొమ్ముల కింద కూడా ఉన్నాయా అని ఒక్కరూ అడగలేదు. నేనే చెప్పబోతే కాగితం మీంచి తలెత్తలేదు.

ఈ జబ్బు పేరు హిడ్రడినైటిస్ సప్యురేటివా. 1854లో ఫ్రెంచి వైద్యుడు వెర్నాయ్ ఇది చెమట గ్రంథుల జబ్బనుకున్నాడు. పేరులో ఆ పొరపాటు ఇప్పటికీ మిగిలింది. నిజానికి వెంట్రుక కుదుళ్ళు మూసుకుపోయి, లోపల పగిలి, చుట్టూ వాపు రేగుతుంది. మురికి వల్ల రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు.

దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. ఎలాంటి గడ్డలు, ఎక్కడెక్కడ, ఆరు నెలల్లో రెండుసార్లైనా వచ్చాయా? ఈ మూడూ తెలిస్తే చాలు. పదో ఏట ఒక డాక్టరు తెర లాగి, అడిగి, చూసింది. పది నిమిషాల్లో పేరు చెప్పింది.

అనేక దేశాల రోగులతో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నిర్ధారణకి సగటున ఏడేళ్ళకి పైగా పట్టింది. సోరియాసిస్‌కి రెండేళ్ళు కూడా పట్టలేదు. మోచేతి మీది మచ్చ ఎవరికైనా చూపించొచ్చు. గజ్జల్లో గడ్డని ఎవరికి చూపించాలి? మనకి చిన్నప్పట్నించి నేర్పిన సిగ్గూ, వైద్యుడి తొందరా రెండూ కలిసి ఆ ఏళ్ళని మింగేస్తాయి. ఈలోగా చర్మం కింద సొరంగాలు పడతాయి. ఆ తర్వాత మందులతో మాత్రమే లొంగదు, శస్త్రచికిత్స కావాలి.

నాకు జీతం ఉంది, సెలవు ఉంది. కృష్ణా డెల్టా చేలల్లో గజ్జల్లో గడ్డతో వంగి నాటు వేసే కూలి స్త్రీకి ఏముంది? పనికి వెళ్ళకపోతే ఆ రోజు కూలి పోతుంది. వెళితే ఆ గడ్డ బురదలోనే పగులుతుంది. ఆమెని కూడా శుభ్రత గురించే అడుగుతారు!

స్త్రీల శరీరం గురించి మనం చాలా రాశాం. అందులో చంకలకీ గజ్జలకీ కూడా చోటివ్వాలి. వైద్య కళాశాలలు ఈ జబ్బుని పాఠంలో ఒక పేరాతో సరిపెట్టకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక తెర, ఒక నర్సు, రెండు ప్రశ్నలు. వీటికి కోట్లు ఖర్చు కావు.

శుభ్రత గురించి అడిగేవాళ్ళు ముందు చూడడం నేర్చుకోవాలి.