ఏ గడిలో పడుతుంది ఈ మర్రిమాను?

పోయిన నెలలో మా ప్రొద్దుటూరులో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టారు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కూడా ఒక బొమ్మ పట్టుకుని పోయింది. అక్కడిచ్చిన ఫారంలో రెండే గళ్ళున్నాయట. ఒకటి చేత్తో వేసినది, రెండోది కంప్యూటర్‌లో వేసినది. మా పిల్ల రెండింట్లోనూ టిక్కు పెట్టింది. అట్లా కుదరదని బొమ్మను పక్కన పెట్టేశారు. "ఫోన్ సంగతి చెప్పకపోతే సరిపోయేది గదమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అని అక్కడున్న ఒకావిడ సలహా కూడా ఇచ్చిందట. ఇంటికొచ్చి ఏడవలేదు గానీ, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ముందు ఆ బొమ్మ సంగతి చెప్పాలి. ఎండాకాలం సెలవుల్లో పులివెందులలో మా చెల్లెలింటికి పోయినప్పుడు, అక్కడినుంచి అందరం కలిసి కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమానును చూసి వచ్చాం. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన చెట్టు అది. దాదాపు అయిదెకరాల మేర పరుచుకుని, వెయ్యికి పైగా ఊడలు దించుకుని ఉంటుంది. భర్త చితిలో దూకిన తిమ్మమ్మ పేరు మీద వెలసిందని కథ చెప్తారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు భక్తి కంటే ఆ ఆడమనిషి మీద జాలే ఎక్కువ పుడుతుంది. అది వేరే సంగతి.

వింత ఏమిటంటే, అంత పెద్ద చెట్టు ఎక్కడ నిలబడినా చెట్టులాగా కనిపించదు. దూరంనుంచి చూస్తే చిన్న అడవి. లోపలికి పోతే ఎటుచూసినా ఊడలే. మా పాప చుట్టూ తిరిగి తిరిగి ఫోటోలు తీసింది. ఇంటికొచ్చాక వాటిని ఫోన్‌లో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని, "ఇప్పుడు కనిపించిందమ్మా చెట్టు!" అని కేక పెట్టింది.

ఆ తర్వాత నెలరోజులు మా ఇల్లు ఇల్లుగా లేదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు చేసే పద్ధతి ఎక్కడో చదివి, నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో నానేసి ఆరబెట్టింది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీతలు గీసింది. తుప్పు పట్టిన మేకులూ బెల్లమూ కుండలో నీళ్ళుపోసి మూతపెట్టింది. రెండు వారాలకు ఆ వాసన వంటింటిదాకా వచ్చింది. "ఏంది పాపా ఈ గబ్బు, ఇంట్లో ఉండనిస్తావా లేదా?" అని మా అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ ఆ రసంలో పుల్ల ముంచి గుడ్డ మీద గీస్తే, కరక్కాయ తగిలిన చోట గీత నల్లగా తేలడం చూసి ఆమె కూడా మనవరాలి పక్కన చేరి కూర్చుంది. అట్లా వేసిన మానును ఫోటో తీసి, ఫోన్‌లో ఆకులకూ నీడలకూ రంగులేసి, గుడ్డ మీద అచ్చు కొట్టించి, దాని మీద మళ్ళీ కుంచెతో ఊడలు దిద్దింది. ఎంతవరకు చెయ్యి, ఎక్కడినుంచి ఫోను? అడిగితే దానికే తెలియదు.

ఇదేమీ మా పిల్ల కనిపెట్టిన విద్య కాదు. ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2007లో వార్టర్ అనే ఊరి దగ్గరి చెట్లను యాభై కాన్వాసులు కలిపి ఒకే బొమ్మగా వేశాడు. వెడల్పు సుమారు పన్నెండు మీటర్లు. అన్నీ ఒకచోట నిలబెట్టి, వెనక్కి జరిగి చూసుకునే చోటు లేక, ఎప్పటికప్పుడు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలిపి చూసుకుంటూ, రంగులు మాత్రం కుంచెతోనే వేశాడు. 2011లో అదే ప్రాంతపు వసంతాన్ని ఐప్యాడ్ మీద గీశాడు. అప్పటికి ఆయనకు డెబ్బయి దాటాయి. ఆయన్ను ఏ గడిలో టిక్కు పెట్టమంటారు?

"అవన్నీ దొరల సంగతులు, మన సంప్రదాయం వేరు" అనేవాళ్ళుంటారు. మన కోరమాండల్ తీరంనుంచి పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఐరోపాకు ఓడల్లో పోయిన పలంపూర్ దుప్పట్ల మీద జీవవృక్షం ఉండేది. ఇవాళ మనం అచ్చమైన తెలుగు కళ అని మురిసిపోయే ఆ చెట్టులో పారశీకపు తీగెలున్నాయి, చైనా పూలున్నాయి. ఐరోపా వర్తకులు అక్కడివాళ్ళ ఇష్టానికి తగ్గ నమూనాలు పంపిస్తే, మనవాళ్ళు వాటిని తమ చేతివాటంతో కలుపుకున్నారు. ఊరూరి నీళ్ళు తాగే పెరిగింది ఆ చెట్టు.

అట్లాగని యంత్రం ఏం చేసినా సరేనని నేననను. రెండేళ్ళ కింద ఒక దుకాణంలో కలంకారీ చీర కొన్నాను. చేతిపనేనని ఒట్టేసినంత పని చేశాడు. ఇంటికొచ్చి విప్పితే, ఒక ఆకు అంచున చిన్న మచ్చ. మూరెడు జరిగితే మళ్ళీ అదే ఆకు, అదే మచ్చ. చీర పొడుగునా అంతే! మనిషి చేత్తో గీస్తే రెండు ఆకులు ఒక్కలా రావు కదా. వెనక తిప్పితే సగం రంగు లేదు. అది మిషన్ ప్రింటు. ప్రింటు చీర కట్టుకోవడం నామోషీ కాదు, నా బీరువాలో అవే ఎక్కువ. తక్కువ ధరకు, ప్రింటని చెప్పి అమ్మితే సంతోషంగా కొంటాను. కానీ ఎండలో గుడ్డ ఆరేసి, మళ్ళీ మళ్ళీ ఉడకేసి, ఏటి నీళ్ళలో ఉతికి ఒక్కో రంగూ తెచ్చేవాళ్ళ పేరు దానికి తగిలించి, వాళ్ళ కూలి డబ్బు ఇంకెవరో జేబులో వేసుకోవడం దొంగతనం కాదా? కలంకారీకే బతుకంతా పెట్టిన శ్రీకాళహస్తి జొన్నలగడ్డ గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పేరున్న కళకు బజార్లో జరిగే మర్యాద ఇది.

నన్ను తొలిచేస్తున్నది ఇదే. అబద్ధం చెప్పిన చీరకు గిరాకీ తగ్గలేదు. ఉన్నదున్నట్టు చెప్పిన పిల్ల బొమ్మను పక్కన పెట్టారు. ఏం నేర్చుకుంటుంది నా కూతురు దీన్నుంచి?

పోటీలు పెట్టేవాళ్ళను నేనడిగేది ఒకటే. మూడో గడి గీయండి. కింద రెండు వరుసలు ఖాళీ వదలండి, ఏది చేత్తో చేశారో ఏది ఫోన్‌లో చేశారో పిల్లల్నే రాయమనండి. అమ్మలకు కూడా ఒక మాట: ఫోన్ పట్టుకున్న ప్రతి పిల్లనూ చెడిపోతోందని తిట్టే ముందు, అందులో ఏం చేస్తోందో ఒకసారి తొంగి చూడండి. నేనూ మొదట తిట్టినదాన్నే.

ఇంటరయ్యాక ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటోంది. 2020లో మన కడపలోనే దానికి యూనివర్సిటీ పెట్టారు కాబట్టి దూరాభారం అనడానికి లేదు. "బొమ్మలేసుకుంటే కడుపు నిండుతుందా?" అని మా ఆయన భయం. ఆ భయం నాకూ లేకపోలేదు.

మొన్న ఆదివారం జమ్మలమడుగు పోయాం, మా అమ్మ దగ్గరికి. మా ఇంటి ముందర పెద్ద యాపచెట్టుండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. దాన్ని బొమ్మ వేసిమ్మని మా అమ్మ అడిగింది. మిగిలింది నా పెళ్ళినాటి ఫోటో ఒక్కటే, అందులో షామియానా వెనక సగం చెట్టే ఉంది. ఆ సగాన్ని ఫోన్‌లో పెద్దది చేసుకుని, మిగతా సగం కోసం చింతబొగ్గు పట్టుకుని మా పాప వాళ్ళవ్వ మంచం పక్కన కూర్చుంది. "ఆ కొమ్మ అంత కిందికి లేదు పాపా, ఇంగ రోంత మీదికి. ఆడ్నే మీ అమ్మకు ఉయ్యాల కట్టింటిమి" అంటోంది మా అమ్మ, కళ్ళద్దాలు సరిచేసుకుంటూ.