ఒక్కరి కాఫీకి చిన్న ఫిల్టరు

“నా ఒక్కదానికోసం మళ్ళీ ఫిల్టరు వెయ్యడమెందుకులెండి!” ఈ మాట మన ఇళ్ళల్లో ఎంతమంది నోట వినబడుతుందో! పిల్లలు చదువులకో, ఉద్యోగాలకో వెళ్ళిపోయారు. ఆయనగారికి టీ తప్ప పడదు, లేదా డాక్టరు కాఫీ మానెయ్యమన్నాడు. కొందరి విషయంలో తోడే లేకుండా పోయింది. మొత్తానికి ఇంట్లో కాఫీ తాగే మనిషి ఒక్కరే మిగిలారు. వంటింట్లో సామాను మాత్రం మారలేదు. ఫిల్టరు ఆరుగురికి సరిపడేది. పొడి డబ్బా అరకిలోది.

ఫలితం మీకు తెలియనిది కాదు. పొద్దున దిగిన డికాక్షన్‌నే సాయంత్రం మళ్ళీ వెచ్చబెట్టుకోవడం, వాసన పోయిన పొడితో ఏదో కాఫీ అనిపించుకోవడం. ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదికీ చిక్కటి కాఫీ అందించిన ఇల్లాలు తన గ్లాసు దగ్గరికొచ్చేసరికి “ఏదో ఒకటిలే” అనేస్తుంది. కొన్నాళ్ళకి కాఫీయే మానేస్తుంది. ఇష్టం లేక మానితే బాధ లేదు. ఒక్కరికి కలుపుకోవడం దండగని మానెయ్యడమే బాధ. అందుకే ఈ వారం ఆ ఒక్కరి కాఫీ గురించి మాట్లాడుకుందాం.

పొడి ఎందుకు చప్పబడుతుంది?

కాఫీ గింజని వేయించినప్పుడు పుట్టే కమ్మదనమంతా గింజ లోపలే చిక్కుకుని ఉంటుంది. గింజ గింజగా ఉన్నన్నాళ్ళు అది కొంత నిలుస్తుంది. మర పట్టించామా, ఒక్కొక్క రేణువుకీ గాలి తగులుతుంది. వాసన ఎగిరిపోతుంది, గింజలోని నూనె మెల్లగా కనరెక్కుతుంది. గాలికి తోడు తేమ, వేడి, వెలుతురు కూడా దానికి గిట్టవు.

అరకిలో డబ్బాలో జరిగేది ఇదే. మూత తీసిన ప్రతిసారీ కొత్తగాలి లోపలికి వెళ్తుంది. పొడి తగ్గినకొద్దీ డబ్బాలో ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోనూ గాలే. ఆరుగురున్న ఇంట్లో ఆ డబ్బా వారం తిరక్కుండానే అయిపోయేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఒక్కరే తాగితే నెల దాటినా మిగిలే ఉంటుంది.

ఈ సూత్రం మనకి కొత్తేమీ కాదు. ఆవకాయ జాడీని రోజూ తెరుస్తామా? వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, జాడీకి మళ్ళీ గుడ్డ కట్టేస్తాం. ఊరగాయకి చేసే మర్యాద కాఫీ పొడికీ చేయండి, చాలు.

ఎంత కొనాలి?

రోజుకి రెండు కప్పుల కాఫీకి దాదాపు 15 గ్రాముల పొడి పడుతుంది. అంటే 100 గ్రాములు వారానికి దగ్గరదగ్గర సరిపోతుంది. గింజలు వేయించి, అప్పటికప్పుడు మర పట్టి ఇచ్చే కొట్టు మీ ఊళ్ళో ఉంటే 100 గ్రాములే అడగండి. మొహమాటపడకండి. వారం వారం వచ్చే మనిషిని ఏ కొట్టువాడూ కాదనడు.

“చిన్న పేకెట్టు ఖరీదెక్కువ కదా?” అంటారు. నిజమే, ముందే కట్టి అమ్మే పేకెట్లలో గ్రాముల లెక్కన చూస్తే పెద్దదే చవక. కానీ చప్పబడ్డ పొడితో డికాక్షన్ చిక్కగా అనిపించదు కాబట్టి రోజూ ఇంకో చెంచా ఎక్కువ వేస్తాం. చివర మిగిలింది ఎటూ పనికిరాక పారబోస్తాం. పెద్ద పేకెట్టులో మిగిలిన డబ్బు అక్కడే ఖర్చయిపోతుంది. కొట్టు దూరమై పెద్దదే కొనక తప్పకపోతే, తెచ్చిన రోజే మూడు నాలుగు చిన్న డబ్బాల్లోకి అంచుదాకా నింపి బిగించేయండి. ఒకటి పూర్తయ్యాకే రెండోది తెరవండి.

వాడుకునే డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టకపోవడమే మంచిది. బయటికి తీసి మూత తెరవగానే చల్లటి పొడిమీద చెమ్మ పడుతుంది. పైగా ఫ్రిజ్‌లోని ఉల్లిపాయల వాసన, పులిహోర వాసన అంతా పీల్చుకుంటుంది. పొయ్యికి దూరంగా, ఎండ తగలని అలమరలో ఉంచి, పొడి చెంచాతో తీసుకుంటే చాలు.

ఫిల్టరు సంగతి

అసలు తంటా ఇక్కడే ఉంది. పెద్ద ఫిల్టరులో రెండు చెంచాల పొడి వేస్తే అది అడుగున పల్చగా పరుచుకుంటుంది. పోసిన నీళ్ళు సారం దిగకుండానే చరచరా కిందికి జారిపోతాయి. డికాక్షన్ పల్చన. చిక్కగా రావాలని మూడింతల పొడి వేస్తే అంత డికాక్షన్ ఎవరు తాగుతారు?

స్టీలు సామాన్ల కొట్లో ఒకరిద్దరికి సరిపోయే బుల్లి ఫిల్టర్లు దొరుకుతాయి. అందులో అదే పొడి మందంగా నిలబడుతుంది. నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి.

కొలత రాసుకోండి. పెద్ద చెంచాతో గోపురంగా రెండు చెంచాల పొడి పై గిన్నెలో వేయండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో సమంగా సర్దండి, గట్టిగా అదమొద్దు. తెర్లిన నీళ్ళు 100 మిల్లీలీటర్లు నెమ్మదిగా పోసి మూత పెట్టండి. పొడి కొంత నీటిని పీల్చుకోగా సుమారు 70 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగుతుంది. సగం పొద్దున, సగం మధ్యాహ్నం. రెండోసారికి డికాక్షన్‌ని పొయ్యిమీద కాచకండి, చేదెక్కుతుంది. గిన్నెని వేడినీళ్ళలో కాసేపు ఉంచి, మరిగే పాలు పోసుకోండి. రేపటికి మాత్రం దాచొద్దు.

చికోరీ, ఒంటిగింజ

పేకెట్టు మీద చికోరీ పాలు ఎంతో చదవండి. చికోరీ అంటే ఒక మొక్క వేరుని వేయించి కొట్టిన పొడి. రంగూ చిక్కదనమూ ఇస్తుంది, కెఫీన్ ఉండదు. మన దేశపు నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతో పేకెట్టు మీద రాయాలి. చికోరీ ఎక్కువుంటే డికాక్షన్ నల్లగా దిగుతుంది. ఆ నలుపుని చూసి అంతా కాఫీయేనని మురిసిపోకండి.

కొద్దికొద్దిగా కొనడంలో ఇంకో సుఖముంది. నచ్చకపోతే వారంలో అయిపోతుంది. ఈ వారం చికోరీ కలిపింది, పై వారం కలపనిది చూడొచ్చు. మన అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ రుచి చూడొచ్చు. పీబెర్రీ అని ఒకటుంది. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కొన్ని పళ్ళలో ఒక్కటే గుండ్రంగా పెరుగుతుంది. ఆ ఒంటిగింజల్ని పారెయ్యరు సరికదా, విడిగా ఏరి కాస్త ఎక్కువ ధరకే అమ్ముతారు.

చిక్కగానే, కానీ లెక్కగా

మంచి కాఫీ దొరికింది కదా అని గంటకోసారి తాగమని కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే రెండు కప్పులతో ఆగడం మంచిది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ తాగొద్దని కూడా అదే సంస్థ చెబుతోంది. తిన్న ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉండే ఆడవాళ్ళు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. గర్భిణులు, నిద్రపట్టనివాళ్ళు, గుండెదడ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టే నడుచుకోండి.

చిన్న ఫిల్టరులో ఈ సౌకర్యమూ ఉంది. దిగిందే అంత, తాగేదీ అంతే. మూడోసారి వెచ్చబెట్టడానికి మిగలదు.

మరి ఆ పెద్ద ఫిల్టరు? తోమి, తడి లేకుండా తుడిచి అటకమీద పెట్టండి. పండక్కి పిల్లలొస్తే అదే దింపుదురుగాని. అందాకా ముందు వరసలో, చేతికందేచోట, బుల్లి ఫిల్టరు ఉండనివ్వండి. రేపు పొద్దున మీ ఒక్కరి కోసమే నీళ్ళు పడేయండి. ఉంటానండీ!