చిన్నమాట చేసే పెద్దపని

భాషను నేర్చుకోవడమంటే పదాలను కూడబెట్టుకోవడం మాత్రమే కాదు. ఆ పదాలు ఒకదానితో ఒకటి ఏవిధంగా కలిసి నడుస్తాయో గ్రహించడం కూడా. కళాశాలలో అడుగుపెట్టిన తెలుగు విద్యార్థులకు ఆంగ్ల పదాల కొరత అంతగా ఉండదు. వ్యాకరణ సూత్రాలు కూడా కొంతవరకు కంఠస్థమై ఉంటాయి. అయినా నిన్న జరిగిన ఒక చిన్న సంగతిని ఆంగ్లంలో చెప్పవలసివస్తే చాలామంది తడబడతారు.

తరగతికి ఆలస్యంగా వచ్చిన ఒక విద్యార్థినిని ఊహించుకోవచ్చు. దారిలో బస్సు చెడిపోయింది. ఇంటివద్దనైతే ఆమె 'బస్సు రిపేరయింది' అంటుంది. ఆ మాటనే ఆంగ్లంలోకి మార్చి 'ద బస్ గాట్ రిపేర్డ్' అంటే అర్థం తలకిందులవుతుంది. చెడిన బస్సు బాగుపడిందని విన్నవారు అనుకుంటారు. ఆమె చెప్పవలసిన మాట 'ద బస్ బ్రోక్ డౌన్'. 'బ్రోక్' అంటే విరిగింది అనీ, 'డౌన్' అంటే కిందికి అనీ ఆమెకు తెలుసు. ఆ రెండూ కలిస్తే 'చెడి ఆగిపోయింది' అనే మూడో అర్థం పుడుతుందన్న సంగతే తెలియదు.

ఇటువంటి జంటమాటలను ఆంగ్లంలో ఫ్రేజల్ వెర్బులు అంటారు. తెలుగులో వీటిని పదబంధ క్రియలని చెప్పుకోవచ్చు. ఒక క్రియకు 'అప్, డౌన్, ఆఫ్, ఔట్' వంటి చిన్నమాట తోడై కొత్త అర్థాన్నిస్తుంది. ఇవి పరభాషీయులను ఇబ్బంది పెడతాయన్నది నేటి మాట కాదు. 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ ఈ విషయాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. వీటికి ఫ్రేజల్ వెర్బ్ అనే పేరును 1925లో తన గ్రంథం ద్వారా ప్రచారంలోకి తెచ్చినవాడు లోగన్ పియర్సాల్ స్మిత్. ఆ పేరును సూచించినవాడు నిఘంటుకర్త హెన్రీ బ్రాడ్లీ అని కూడా అతడు చెప్పుకున్నాడు.

ఆంగ్లభాషలో ఇవి ఇంతగా నిలిచి ఉండటానికి చారిత్రకమైన నేపథ్యం ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత పాలనలోనూ, న్యాయస్థానాలలోనూ ఫ్రెంచి, లాటిన్ భాషలు పెత్తనం వహించాయి. పెద్దలమాటలు అక్కడినుంచి వచ్చాయి. సామాన్యులు మాత్రం 'గివ్, టేక్, పుట్, గెట్' వంటి పొట్టిమాటలతోనే ఇంటిపనులు, పొలంపనులు చెప్పుకున్నారు. అందువల్లనే నేటికీ 'టాలరేటెడ్' అన్నది రాతలో ఇమిడినట్లు 'పుట్ అప్ విత్' అన్నది నోటిలో ఇముడుతుంది. రెండింటికీ అర్థం సహించడమే. తెలుగులోనూ ఇటువంటి తీరే కనిపిస్తుంది. గ్రంథంలో 'పరిత్యజించాడు' అని రాసినవాడే ఇంట్లో 'వదిలిపెట్టాడు' అంటాడు. 'ఆరంభించాడు' అన్నది సభకు తగినమాట, 'మొదలుపెట్టాడు' అన్నది వాకిట్లో వినిపించే మాట.

ఇక్కడే తెలుగు విద్యార్థికి ఒక గొప్ప వసతి ఉంది. 'వదిలిపెట్టాడు' అన్నప్పుడు ఎవరూ దేనినీ ఎక్కడా పెట్టలేదు. 'మరచిపోయాడు' అన్నప్పుడు ఎవరూ ఎక్కడికీ పోలేదు. 'తినేశాడు' అన్నమాటలో 'వేయు' అనే క్రియ దాగి ఉన్నా, అక్కడ వేసినది ఏదీ లేదు. తోడువచ్చిన క్రియ తన సొంత అర్థాన్ని వదులుకొని, పని పూర్తి అయిందన్న భావాన్ని మాత్రం అందిస్తున్నది. 'హి ఏట్ అప్ ద రైస్' అన్న వాక్యంలో 'అప్' చేసేపని సరిగ్గా అదే. అన్నం పైకి పోలేదు, మిగలకుండా పూర్తయింది. ఈ పోలికను గ్రహించిన విద్యార్థికి పదబంధ క్రియ వింతగా తోచదు.

అయితే పోలికతోపాటు భేదాన్ని కూడా గుర్తించాలి. తెలుగులో కాలాన్ని తెలిపే గుర్తు చివరిమాటను ఆశ్రయిస్తుంది. 'పడిపోయాడు, పడిపోతాడు' అన్నప్పుడు 'పడి' మారదు, 'పోవు' మారుతుంది. ఆంగ్లంలో ఇది తారుమారవుతుంది. 'ఫాల్ డౌన్' భూతకాలంలో 'ఫెల్ డౌన్' అవుతుంది. మారేది మొదటిమాట, చివరిది ఉన్నచోటనే ఉంటుంది. తెలుగు సంభాషణలో 'స్విచ్చాఫ్ చేశాను', 'పికప్ చేశాడు' అని అనడం పరిపాటి. అక్కడ ఆంగ్లపదం కదలకుండా ఉండి, కాలమంతా 'చేయు' క్రియపై పడుతుంది. ఆ అలవాటుతోనే ఆంగ్లం మాట్లాడబోతే 'స్విచ్డ్ ఆఫ్', 'పిక్డ్ అప్' అనవలసినచోట నాలుక తడబడుతుంది.

మరికొన్ని క్రియలు భూతకాలంలోనూ రూపం మార్చుకోవు. 'హి పుట్ ఆఫ్ ద జర్నీ' అంటే అతడు ప్రయాణాన్ని వాయిదా వేశాడని అర్థం. వర్తమానమైతే 'పుట్స్' అని ఉండేది. కనుక ఆ చివరి సకారం లేకపోవడమే భూతకాలానికి గుర్తు. 'డిడ్' అనే సహాయక క్రియ వచ్చినప్పుడు కాలభారమంతా అదే మోస్తుంది. అందుచేత 'షి డిడ్ నాట్ గివ్ అప్' అనాలేగాని 'డిడ్ నాట్ గేవ్ అప్' అనరాదు. సర్వనామం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రయాణాన్ని 'అది' అని చెప్పదలిస్తే 'హి పుట్ ఇట్ ఆఫ్' అని ఆ మాటను నడుమ చేర్చాలి. కాని తల్లిని సాకిన కూతురి గురించి చెప్పేటప్పుడు 'షి లుక్డ్ ఆఫ్టర్ హర్' అనే అనాలి. అక్కడ జంట విడిపోదు.

ఇన్ని చిక్కులున్న ఈ క్రియలను పక్కనపెట్టి, పెద్దమాటలతోనే కాలం గడుపుకోవచ్చునని కొందరి అభిప్రాయం. వినతిపత్రంలోనూ, శాస్త్రవ్యాసంలోనూ పెద్దమాటలే ఎక్కువగా తగినవన్నది నిజమే. కాని రాయడంలో ఎంపిక రాసేవారిది, వినడంలో ఎంపిక ఎదుటివారిది. 'ద లైట్స్ వెంట్ ఆఫ్' అంటే దీపాలు ఆరిపోయాయని అర్థం. 'ది అలారమ్ వెంట్ ఆఫ్' అంటే ప్రమాదఘంట మోగిందని అర్థం. మొదటిది తెలిసి రెండవది తెలియనివాడు ఘంట ఆగిపోయిందనుకొని కర్మాగారంలో నిశ్చింతగా కూర్చుంటాడు. ఒక చిన్నమాట ప్రాణాల మీదికి తేగలదు.

ఆంగ్లాన్ని ఆంగ్లంతోనే నేర్వాలి, తెలుగును దరికి రానీయరాదు అనే వాదం మరొకటి. నిరంతరం ఆంగ్లం వినిపించే ఇళ్లలో పెరిగిన పిల్లలకు అది సాధ్యం కావచ్చు. పల్లెనుంచి వచ్చిన విద్యార్థికి తరగతిగది వెలుపల ఆ అవకాశం తక్కువ. అతడికున్న పెట్టుబడి మాతృభాషే. 'టర్న్డ్ డౌన్' అన్నమాటకు కిందికి తిప్పడమని అర్థం చెప్పుకొంటే అది అడ్డం తిరుగుతుంది. అదే 'తోసిపుచ్చాడు' అని తెలుసుకొంటే ఒక్కసారిలో మనసుకెక్కుతుంది. మాటకు మాట అనువదించడం తప్పుదారి, పలుకుబడికి పలుకుబడిని జోడించడం సరైనదారి. ఆ రెండవ దారిలో నడవాలంటే తెలుగు పలుకుబడి బాగా తెలిసి ఉండాలి. తెలుగును నిర్లక్ష్యం చేసినవాడికి ఆంగ్లం కూడా పూర్తిగా వశపడదు.

ప్రస్తుతం ఈ క్రియలు చాలాచోట్ల జాబితాలుగా మిగిలిపోతున్నాయి. ఎడమవైపు పదబంధం, కుడివైపు అర్థం. పరీక్షకు ముందు వల్లెవేయడం, తరువాత మరచిపోవడం జరుగుతున్నది. దీనికి బదులుగా విద్యార్థులు ప్రతిరోజూ నిద్రకు ముందు ఆనాడు జరిగిన సంగతులను నాలుగైదు వాక్యాలలో రాసుకోవడం మేలు. ఎప్పుడు లేచారో, ఎవరికోసం వెతికారో, ఏపని వాయిదా వేశారో రాసేటప్పుడు 'గాట్ అప్', 'లుక్డ్ ఫర్', 'పుట్ ఆఫ్' అనేవి సహజంగానే అవసరమవుతాయి. దినచర్య అంతా భూతకాలంలోనే నడుస్తుంది గనుక క్రియారూపాలు కూడా చేతికి అలవాటవుతాయి. ప్రతి వాక్యం పక్కన దానికి సరిపడే తెలుగు పలుకుబడిని రాసుకొంటే రెండు భాషలూ ఒకేసారి పదునెక్కుతాయి.

పరభాష వచ్చినంతమాత్రాన స్వభాష చిన్నదైపోదు, స్వభాషను నమ్ముకొన్నంతమాత్రాన పరభాష దూరం కాదు. తడబాటును అవమానంగా భావించక, దానికి కారణం ఎక్కడుందో వెతికి సరిదిద్దుకోవడమే విద్యార్థి లక్షణం. బస్సు ఎందుకు ఆగిందో ఆంగ్లంలో స్పష్టంగా చెప్పగలిగిననాడు ఆ విద్యార్థినికి తరగతిలోనే కాక, ముందుముందు ఉద్యోగపు ముఖాముఖిలోనూ తలవంచుకోవలసిన అవసరం ఉండదు.