నరాల నొప్పికి గోలీ పనిచేయకపోతే ఎటు పోవాలి?
గూడూరు దవాఖానలో వారానికో రోజు కేటాయించాలి

గూడూరు మండల ప్రజలకు, ప్రజాప్రతినిధులకు, వైద్య సిబ్బందికి విన్నపం.

రాత్రయితే అరికాళ్లలో మంటలు, దుప్పటి అంచు తగిలినా ఓర్వలేనంత. పగలేమో కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు, వెనక వచ్చేవాళ్లు పిలిచి చెప్పాలి. షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్ల బతుకు ఇది. సర్పి మానిపోయినా నెలల తరబడి ఆ చోట భగభగ మండేవాళ్లు, నడుము నుంచి మడమ దాకా కరెంటు షాకు కొట్టినట్టు గుంజేవాళ్లు కూడా మన మధ్యనే ఉన్నారు. తీగలవేణి, పొనుగోడు, భూపతిపేట, మట్టెవాడ, ఏ ఊరికి వెళ్లి అడిగినా ఇదే మాట వింటాం.

డాక్టర్ రాసిన గోలీతో మొదట కాస్త నిద్ర పడుతుంది. కొన్నాళ్లకు "ఇది పనిచేస్తలేదు" అన్న మాట వస్తుంది. మనిషికి డాక్టర్ అవసరం అందరికంటే ఎక్కువగా ఉండేది అప్పుడే. మన దగ్గర ఆ సమయానికి ఆదుకునే ఏర్పాటు లేదు. అందుకే కొందరు నొప్పి సూది వేయించుకుంటారు. కొందరు మందుల షాపులో అడిగి రెట్టింపు మింగుతారు. ఇంకొందరు విసిగిపోయి ఒక్కసారిగా మానేస్తారు.

ఈ మూడూ ప్రమాదమే. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు వాపుకు పనిచేస్తాయి కానీ దెబ్బతిన్న నరం పంపే తప్పుడు సంకేతాన్ని ఆపలేవు. పైగా షుగర్‌తో ముందే అలసిన కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. నరాల నొప్పికి రాసే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మూత్రం ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ బలహీనంగా ఉంటే అవి ఒంట్లోనే పేరుకుని మత్తు కమ్ముతుంది, పెద్దవాళ్లు రాత్రిపూట లేచి పడిపోవచ్చు. వాటితో పాటు ట్రమడాల్ గానీ మద్యం గానీ తీసుకుంటే ఊపిరి మందగిస్తుంది. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, చెమటలు, గాబరా. మూర్ఛ ఉన్నవాళ్లకు ఫిట్స్ కూడా రావచ్చు. ఆపాలన్నా డాక్టర్ చెప్పినట్టు కనీసం వారం పాటు మెల్లగా తగ్గిస్తూ రావాలి.

అసలు చాలాసార్లు చెడింది మందు కాదు. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు ఒంట్లో బీ12 తగ్గిపోవచ్చు. ఆ లోపం కూడా కాళ్లలో తిమ్మిరి, మంట తెస్తుంది. అది తేలకుండా నరాల గోలీ ఎంత పెంచినా ప్రయోజనం తక్కువ. టీబీకి వాడే ఐసోనియాజిడ్ బీ6ను తగ్గించి నరాలను దెబ్బతీయవచ్చు. "నరాల బలానికి" అని బీ6ను పెద్ద మోతాదులో ఎక్కువకాలం మింగినా నరాలు పాడవుతాయి. ఇది చాలామందికి తెలియదు. ఇంకొందరికి నరాల నొప్పికే ఇచ్చే ఎమిట్రిప్టిలిన్ పడుకునే ముందు 10 మిల్లీగ్రాములతో మొదలై, మళ్లీ చూసేవాళ్లు లేక అక్కడే ఆగిపోతుంది. చాలని మోతాదును పనిచేయని మందు అనుకుంటాం.

అన్నీ సరిగ్గా చేసినా ఒకే మందు అందరికీ పనిచేయదు. 2015లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన విశ్లేషణ లెక్క ప్రకారం, ఉత్తుత్తి గోలీతో వచ్చే ఉపశమనాన్ని పక్కన పెడితే, నొప్పి సగానికి తగ్గేది ప్రీగాబలిన్ వాడిన ఏడెనిమిది మందిలో ఒకరికి, ఎమిట్రిప్టిలిన్ తరహా మందులు వాడిన ముగ్గురు నలుగురిలో ఒకరికి. కాబట్టి తగ్గలేదని చెప్పే మనిషిని అనుమానంగా చూడొద్దు. బ్రిటన్‌లో 130 మంది షుగర్ రోగులపై చేసి, 2022లో ఫలితాలు ప్రచురించిన పరీక్షలో ఎమిట్రిప్టిలిన్, డ్యులాక్సిటిన్, ప్రీగాబలిన్‌లలో దేనితో మొదలుపెట్టినా ఫలితం దాదాపు ఒకటే అని తేలింది. మొదటిది చాలనివాళ్లకు రెండోది కలిపితే నొప్పి ఇంకా తగ్గింది. అంటే దారి ఉంది. ఆ దారిలో పోవాలంటే ఏ గోలీ, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటి నుంచి అన్నది చూసేవాళ్లకు తెలియాలి. కానీ మన చేతిలో ఉండేది కత్తెరతో కోసిచ్చిన నాలుగు గోలీల ముక్క. పేరున్న భాగం షాపులోనే ఉండిపోతుంది.

అందుకే అడుగుతున్నాం. గూడూరు ప్రభుత్వ దవాఖానలో వారానికి ఒక రోజు నరాల నొప్పి వాళ్లకు కేటాయించాలి. వీలైనంతవరకు అదే డాక్టర్ చూడాలి. ప్రతి ఒక్కరికీ ఒక కార్డు ఇచ్చి, మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతో రాయాలి. బీ12, క్రియాటినిన్, షుగర్ పరీక్షలకు రక్తం ఇక్కడే తీసుకుని పంపాలి. ఎమిట్రిప్టిలిన్ 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. ఖరీదు కూడా తక్కువే. అది నిండుకోకుండా చూడాలి. ఊరూరా తిరిగే ఆశా అక్కలకు అరికాలి స్పర్శ పరీక్ష నేర్పాలి.

స్పెషలిస్టు లేడు కదా అంటారు. ఈ మందులు మొదలుపెట్టడానికి, పెంచడానికి, మార్చడానికి న్యూరాలజిస్టే అక్కర్లేదు, శిక్షణ పొందిన ఎంబీబీఎస్ డాక్టర్ చాలు. గుండె జబ్బు, మూత్రం అడ్డంకి ఉన్నవాళ్లకు ఎమిట్రిప్టిలిన్ ఇచ్చే ముందు ఆలోచించాల్సినదీ ఆయనే. చిక్కు కేసులకు ఈ-సంజీవని ద్వారా పెద్ద డాక్టర్ సలహా తీసుకోవచ్చు. దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ రోగులున్నారని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. ఇంతమందిలో నరాల నొప్పి ఉన్నవాళ్లు స్పెషలిస్టుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేరు.

ఒక హెచ్చరిక. కాళ్లు హఠాత్తుగా చచ్చుబడినా, మూత్రం, దొడ్డికి పట్టు తప్పినా ఏ క్లినిక్ రోజు కోసమూ ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

వచ్చే గ్రామసభలో మీ ఊరి తరఫున ఈ తీర్మానం పెట్టించండి. దాని నకలు తీసుకుని సోమవారం మహబూబాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్దాం. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీల ముక్కలు, పాత చీటీలు అన్నీ ఒక కవర్లో వేసుకుని రండి. ఎవరికి ఏ మందు, ఎంతకాలంగా అన్నది అక్కడే కూర్చుని రాసి అర్జీతో జతచేద్దాం.