స్థిరాంకానికి పేరెందుకు?

సి భాషలో ప్రోగ్రాము నడుమ ఏదైనా విలువను నేరుగా అంకెలలో వ్రాసేయడం సులువు. ఆ అంకె దేనికి గుర్తో కంపైలరుకు అక్కరలేదు, చదివే మనిషికే అక్కర. కనుక పేరులేని అంకెను ప్రోగ్రాములో పాతిపెట్టరాదని నా అభిప్రాయం. కెర్నిఘన్, రిచీలు కూడా 1978 నాటి తమ పుస్తకం తొలి అధ్యాయంలోనే ఈ మాట చెప్పారు. అయినా "ఎన్నటికీ మారని విలువకు పేరెందుకు, చాదస్తం కాకపోతే?" అనే మిత్రులున్నారు.

మారనిదంటూ ఏముంది? మా మిరప, పత్తి నేలనే చూడండి. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న అందులోని చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. గుంటూరు జిల్లాలోని నరసరావుపేట కొత్త పల్నాడు జిల్లాకు కేంద్రమయింది. ఆనాడే రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగింది.

అంతకుమునుపు మిరప ధరలను జిల్లాలవారీగా చూపడానికి వ్రాసిన ప్రోగ్రామొకటి ఉందనుకోండి. అందులో ఎర్రే పరిమాణం 13, లూపు హద్దు 13. అంతటా వెదకి 13ను 26గా మార్చేస్తే సరిపోదా? సరిపోదు. ఆస్కీలో 13 అంటే క్యారేజ్ రిటర్న్. ఫైలులో పంక్తి చివర దానికోసం చూసేచోట కూడా 26 వచ్చి కూర్చుంటుంది. కంపైలరు కిమ్మనదు. జిల్లాల సంఖ్యకు ఒక పేరు ఉండివుంటే ఒక్క పంక్తి మార్చితే తీరిపోయేది.

పేరు పెట్టే దారులు వేరువేరు. డిఫైన్ చేస్తే, కంపైలరు చూడకముందే పేరు స్థానంలో విలువ చేరుతుంది. కాన్‌స్ట్ అన్నది "దీనిని మార్చరాదు" అనే ఆంక్ష మాత్రమే. సి ప్రమాణం దానిని అసలైన స్థిరాంకంగా లెక్కించదు, కనుక కేస్ లేబులుగా అది చెల్లదు. పూర్ణాంకాలకు ఈనమ్ మేలని నా మొగ్గు. డీబగ్గరులోనూ సాధారణంగా పేరు కనబడుతుంది.

అయితే పేరు అర్థాన్ని చెప్పాలి. "పదమూడు" అని పేరు పెట్టి, రేపు దానికి 26 విలువ ఇస్తే అంతకన్న అన్యాయం లేదు. లూపు మొదలుపెట్టే సున్నాకు కూడా నామకరణం చేయమనను, అది నిజంగానే చాదస్తం. ప్రభుత్వమో, బజారో, కాలమో మార్చగల ప్రతి అంకెకూ మాత్రం పేరుండాలి. మీరేమంటారు?