దేహంలోని సంజీవని

నన్నయ భట్టారకుని ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో శుక్రాచార్యుని కథ ఉన్నది. చనిపోయినవారిని బ్రతికించే మృతసంజీవని ఎరిగిన గురువు ఆయన. అయినా రాక్షసులు సురలో కలిపి ఇచ్చిన తన శిష్యుడు కచుని బూడిదను తెలియక త్రాగివేశాడు. జరిగిన అనర్థానికి మూలం మద్యమేనని గ్రహించి, నాటి నుండి దానిని పాపకార్యంగా నిషేధించాడు. ప్రాణం పోసే విద్య తెలిసినవాడే ప్రాణానికి శత్రువేదో చెప్పడం ఈ కథలోని విశేషం.

అటువంటి సంజీవని ప్రతి దేహంలోనూ ఉన్నదని ఆధునిక శాస్త్రం చెబుతున్నది. దాని పేరు మూలకణం. ఎర్ర రక్తకణం ఆయువు సుమారు 120 రోజులు. రాలిపోయినవాటి స్థానంలో కొత్తవాటిని ఎముక మూలుగలోని మూలకణాలు నిరంతరం పుట్టిస్తుంటాయి. ప్రేగుల లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతుంది. చర్మం గాయాన్ని పూడ్చుకొంటుంది. కణజాలం ఆరోగ్యమంతా ఈ పునర్నిర్మాణం మీదనే ఆధారపడి ఉన్నది.

పల్నాటి రైతుకు ఈ సంగతి కొత్త కాదు. కరవు ఎంతగా కాటేసినా అతడు విత్తనపు జొన్నలను దంచి కూడు వండుకోడు. మూలకణాలు దేహం దాచుకొన్న విత్తనాలు. మద్యం ఆ విత్తనాల గాదెలోనే పురుగై చేరుతుంది.

త్రాగిన మద్యాన్ని కాలేయం మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తుంది. ఆ పిమ్మట ఒక ఎంజైము ఆ విషాన్ని విరుస్తుంది. విరగక మిగిలిన విషం కణంలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది. కేంబ్రిడ్జిలో కేతన్ పటేల్ బృందం ఎలుకలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. విషాన్ని విరిచే ఎంజైము, చెడిన డి.ఎన్.ఎ.ను బాగుచేసే ఏర్పాటు లోపించిన ఎలుకల రక్త మూలకణాలలో డి.ఎన్.ఎ. తెగిపోవడం, క్రోమోసోముల అమరిక చెదరడం వారు గమనించారు. ఈ రక్షణలు ఉన్న దేహంలోనూ వాటికొక హద్దు ఉంటుంది. మామూలు కణం చెడితే దానితోనే పోతుంది. మూలకణం చెడితే ఆ లోపం దాని సంతతికంతటికీ సంక్రమిస్తుంది. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని కేన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసినవాడికి చుక్క పడకపోతే ఎలాగన్న ప్రశ్న పిడుగురాళ్ళ సున్నపు బట్టీల వద్ద, మాచర్ల నాపరాతి గనుల వద్ద పుట్టడం సహజమే. ఆ అలసట అబద్ధం కాదు. కాని మద్యం నొప్పిని మరపిస్తుందే గాని మాన్పదు. దెబ్బతిన్న కండరాన్ని చక్కదిద్దేవి అందులోని మూలకణాలే. వాటికి కావలసినవి మంచి తిండి, కంటినిండా నిద్ర. మద్యం తిండికి దాచిన డబ్బును కాజేస్తుంది, నిద్రను చెడగొడుతుంది. తనను తాను తిరిగి పెంచుకోగల కాలేయం సైతం ఏళ్ళ తరబడి ఈ విషాన్ని మోస్తే మచ్చకట్టి గట్టిపడుతుంది. కొవ్వు పట్టిన తొలిదశలోనే అలవాటు మానితే అది చాలావరకు కోలుకొంటుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. వారిని కదిలించినది అక్షరాస్యతా కేంద్రంలో చదివిన ఒక పాఠం. ఆ ఉద్యమ ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది. చట్టాలు మారుతాయి, దేహధర్మం మారదు. కాబట్టి చట్టం కంటె తెలివిడి మీదనే ఎక్కువ ఆశ పెట్టుకోవాలి.

నరసరావుపేటలోనో గురజాలలోనో చదువుకొంటున్న విద్యార్థి, బట్టీ నుండి అలసి వచ్చిన తండ్రిని నిందింపనక్కరలేదు. విత్తనపు జొన్నల మాట గుర్తుచేస్తే చాలు. ఆ భాష ఆయనకు తెలుసు.