పెరట్లో పాతిపెట్టే ముందు...

'చిన్న ఆపరేషనేనండీ, సాయంత్రం తీసుకెళ్లిపోవచ్చు' అన్న డాక్టరు మాట నమ్మి పొద్దున్నే టామీని క్లినిక్‌లో వదిలి వస్తారు. సాయంత్రం ఫోను వస్తుంది... మత్తులోంచి లేవలేదని! పిల్లలు అన్నం ముట్టరు. ఇంటి పెద్ద ఆ రాత్రికే పెరట్లో వేపచెట్టు కింద గొయ్యి తీయిస్తాడు. పది రోజులయ్యాక ఎవరో అంటారు, 'ఊరుకున్నారా? కేసు వేయాల్సింది కదా' అని. అప్పటికి సాక్ష్యం కాస్తా మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చే 'సేవ' అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆ తీర్పు వచ్చింది మనుషుల వైద్యం విషయంలోనే అయినా, పశువైద్యుల మీద వేసిన ఫిర్యాదులనూ వినియోగదారుల కమిషన్లు విచారిస్తున్నాయి. అందరికీ ఉచితంగా చూసే సర్కారు పశువుల ఆసుపత్రికి మాత్రం ఇది వర్తించదు.

అయితే, ప్రాణం పోయినంత మాత్రాన నిర్లక్ష్యం అనలేం. పార్వో సోకిన కుక్కపిల్ల ఎన్ని సెలైన్లు ఎక్కించినా దక్కకపోవచ్చు. అదే జ్వరమొచ్చిన పిల్లికి పారాసిటమాల్ రాసిచ్చారనుకోండి, అది పిల్లికి విషమని పశువైద్యం చదివినవారికి తెలిసి తీరాలి. తోటి డాక్టరెవరూ చేయని పనిని ఈ డాక్టరు చేశాడా? కమిషన్ చూసేది అదే. ఆపరేషన్‌కు ముందు పెట్టిన సంతకం చూపించి 'మీరు ఒప్పుకున్నారుగా' అంటే బెదిరిపోనక్కర్లేదు. ఆ సంతకం ఆపరేషన్‌కే గానీ, అజాగ్రత్తకు కాదు.

ఆ మాట రుజువు చేయడానికి పోస్టుమార్టం బలమైన ఆధారం. దుఃఖంలో ఉన్నవారికి చెప్పడం కష్టమే, కానీ మన ఎండలకు ఒక పూట ఆలస్యమైనా ఆనవాళ్లు చెరిగిపోతాయి. శరీరాన్ని ఐసు మధ్య ఉంచి, ప్రభుత్వ పశువుల ఆసుపత్రికో, రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిల్లో ఉన్నటువంటి పశువైద్య కళాశాలకో తీసుకెళ్లి రాతపూర్వకంగా కోరాలి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకూడదు, కణజాలం పాడవుతుంది.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చికిత్సకు చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. సందేహాలుంటే 1915కు ఫోన్ చేయొచ్చు. డాక్టరు మీద చర్య కోరాలంటే రాష్ట్ర పశువైద్య మండలికి విడిగా రాయాలి.

మరి ఎంత అడగాలి? లాబ్రడార్‌కైతే కొన్న ధర ఉంటుంది. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న టామీకి ధర ఎక్కడిది? ఇక్కడే చట్టం కాస్త మనసున్నట్టు కనిపిస్తుంది. పరిహారమంటే పోయిన సొమ్మే కాదు, పడ్డ మనోవేదన కూడా అని 1993లో ఓ ఇళ్ల కేటాయింపు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వైద్యం ఖర్చుతో పాటు ఆ వేదనకూ పరిహారం కోరవచ్చు. లక్షలు వచ్చి పడతాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అన్నిటికీ ఆధారం బిల్లు, మందుల చీటీ. చాలాచోట్ల అడిగితే తప్ప ఇవ్వరు. టామీ ఆరోగ్యంగా తోక ఊపుతున్నప్పుడే అడిగి తీసుకోండి.